మెట్ల క్రింద నిలిచిపోయిన సైకిలు

ధ్యాన భాగములు: మార్కు 11:1–6, మలాకీ 1:6–8, యిర్మీయా 29:4–7



కుటుంబ ప్రార్థనలకు వెళ్ళినప్పుడు మేము చెప్పులు విడిచేది సాధారణముగా మెట్ల దగ్గరనే. ఇక్కడ కోలారు బంగారు గనుల ప్రాంతములోనైనా, అసోసియేషన్ కూటములకు వెళ్ళినప్పుడు చెన్నైలోనో షోలాపూరులోనో మాకు బస ఇచ్చిన విశ్వాసుల ఇండ్లలోనైనా, ఆ మెట్ల క్రింద ఒక దృశ్యము మాకు తప్పక కనిపిస్తుంది. అక్కడ ఒక సైకిలు ఉంటుంది. హ్యాండిలుకు పాత గొడుగు తగిలించి ఉంటుంది. వెనుక క్యారేజి మీద పాత పేపర్ల మూట ఉంటుంది. చక్రము పుల్లల మధ్య సాలీడు గూడు కట్టి ఉంటుంది. రెండు టైర్లు గాలి లేక నేలకు అతుక్కుని ఉంటాయి.

“ఎవరిదమ్మా ఈ సైకిలు?” అని అడుగుతాము.

“మా మామగారిది, మాస్టరుగారూ. ఇప్పుడు తొక్కేవారు లేరు. పిల్లలకు బండ్లు ఉన్నాయి. పారవేయడానికి మనసు రాదు” అంటారు.

పారవేయడానికి మనసు రాకపోవడము మంచిదే. అయితే ఇచ్చివేయడానికి కూడ మనసు రాలేదే అని ఒక రోజున మాలో మేము ప్రశ్నించుకొన్నాము. ఎందుకనగా అటువంటి సైకిలు మా ఇంటి మెట్ల క్రింద కూడ ఉండేది. ఆ సంగతి చివర చెప్పుతాము. ముందుగా వాక్యమును ధ్యానించుదము.

మన ప్రభువు యెరూషలేములో ప్రవేశించబోవు దినమున ఇద్దరు శిష్యులను ఎదుటి గ్రామమునకు పంపెను. వీధిలో, తలుపు బయట కట్టబడియున్న గాడిదపిల్ల ఒకటి వారికి కనబడుననియు, దానిని విప్పి తోలుకొని రావలెననియు చెప్పెను. అక్కడ నిలిచియున్నవారు ఎందుకు విప్పుచున్నారని అడిగిరి. ప్రభువుకు అది అవసరమని వీరు చెప్పగా వారు పోనిచ్చిరి. ఆ యజమాని పేరు సువార్తలో లేదు. ఆయన ప్రసంగము చేయలేదు, వెండి బంగారములు ఇవ్వలేదు. తన తలుపు బయట కట్టియున్నదానిని విప్పుటకు అడ్డుపడలేదు, అంతే. ఆ గాడిదపిల్ల అప్పటివరకు ఎవరును ఎక్కనిది. మన సైకిలు ఎక్కి, తొక్కి, పక్కన పెట్టినది. అయినప్పటికి రెండింటి స్థితి ఒక్కటే. కాళ్ళున్నా నడక లేదు.

ఈ భాగమునుండి మూడు సంగతులు మీ ముందుంచుతున్నాము.

1. కట్టియున్నదానిని విప్పుదము

మన పెద్దలు ఈ ఊళ్ళకు ఏ విధముగా వచ్చారో ఒకసారి జ్ఞాపకము చేసికొందము. ఒకరు గనికి, ఒకరు మిల్లుకు, ఒకరు రైల్వే వర్కుషాపుకు, మరొకరు కట్టడపు పనికి వచ్చారు. మా తాతగారు నెల్లూరు జిల్లానుండి ఈ గనులకు వచ్చారు. మా తండ్రిగారు చాంపియన్ రీఫ్ గనిలో పని చేశారు. 1964లో ఆయన నెలనెలా వాయిదాలు కట్టి ఒక హెర్క్యులిస్ సైకిలు కొన్నారు. మద్రాసు దగ్గర అంబత్తూరులో టి.ఐ. సైకిల్స్ వారు తయారు చేసినది. ఆ దినములలో గని కార్మికుని ఇంట సైకిలు వచ్చిందంటే ఇరుగుపొరుగువారు చూచి వెళ్ళేవారు. వారమంతా అది షిఫ్టులకు వెళ్ళేది. ఆదివారమున ముందు బారు మీద తువ్వాలు చుట్టి ఒకరిని, వెనుక క్యారేజి మీద ఇద్దరిని కూర్చోబెట్టుకొని ఆయన మమ్మును ఆరాధనకు తీసికొని వెళ్ళేవారు. మన సువార్తికులలో ఎందరో బైబిలు, పాటల పుస్తకము సంచిలో పెట్టి హ్యాండిలుకు తగిలించుకొని ఊరూరు తిరిగినది సైకిలు మీదనే. కావున మన సంఘముల చరిత్రలో సైకిలుకు ఒక చోటు ఉన్నది.

ఇప్పుడు మనలో చాలామంది స్థితి మారింది. దేవునికి స్తోత్రము. అయితే మన స్థితి మారినంత మాత్రమున సైకిలు అవసరము లోకములో తీరిపోలేదు.

మేము ఉపాధ్యాయులము గనుక ఒక చిన్న లెక్క చెప్పుతాము. ఒక ఆడపిల్ల ఇంటికి హైస్కూలు అయిదు కిలోమీటర్లు అనుకొనండి. నడిస్తే ఇంచుమించు ఒక గంట. సైకిలు మీద ఇరవై, ఇరవై అయిదు నిమిషములు. వెళ్ళేటప్పుడు, వచ్చేటప్పుడు కలిపి రోజుకు డెబ్బది నిమిషములకు పైగా మిగులుతుంది. వారమునకు ఆరు దినములు లెక్కవేస్తే ఏడు గంటలు. అది పాఠశాల ఒక దినముతో సమానము. చదువుకొనే పిల్లకు వారమునకు ఒక దినము అదనముగా ఇచ్చే శక్తి మనలో ఎవరికైనా ఉన్నదా? మన మెట్ల క్రింద ఉన్నది.

విద్యాహక్కు చట్టము 2009లో వచ్చింది. 2010 నాటి నియమముల ప్రకారము అయిదవ తరగతి వరకు ఒక కిలోమీటరులోను, ఎనిమిదవ తరగతి వరకు మూడు కిలోమీటర్లలోను బడి ఉండవలెను. ఆ పైన తొమ్మిది, పది తరగతులకు ఆ కొలత లేదు. సరిగ్గా అక్కడనే దూరము పెరిగి, ఆడపిల్లల చదువు ఆగిపోతుంది. ప్రభుత్వములు కూడ దీనిని గ్రహించాయి. కర్ణాటకలో 2006–07 విద్యా సంవత్సరమునుండి ఎనిమిదవ తరగతి పిల్లలకు సైకిళ్ళు ఇవ్వడము మొదలుపెట్టారు. బీహారులో అదే 2006లో తొమ్మిదవ తరగతి బాలికలకు సైకిలు పథకము తెచ్చారు. అయితే పథకము అందరిని చేరదు. బడి మానివేసి పనికి పోయే పిల్లవాడు, రాత్రి కాపలా చేసే పెద్దమనిషి, తెల్లవారక ముందే రోడ్లు ఊడ్చే తల్లి ఏ పథకములోను లెక్కకు రారు.

తమిళనాడులోని సహోదరులకు పుదుక్కోట్టై జిల్లా సంగతి తెలిసియుండును. 1990ల ఆరంభములో అక్కడ అరివొళి అక్షరాస్యత ఉద్యమము జరుగుచున్నప్పుడు, కలెక్టరు షీలారాణి చుంకత్ గారి ప్రోత్సాహముతో వేలాది మంది స్త్రీలు సైకిలు నేర్చుకొన్నారు. కూలి చేసేవారు, రాతి క్వారీలలో పని చేసేవారు, నర్సులు, బడి పంతులమ్మలు అందులో ఉన్నారు. లేడీస్ సైకిళ్ళు చాలక, బారు ఉన్న మగవారి సైకిళ్ళనే తొక్కారు. నీళ్ళ బిందెలు, బిడ్డలు, సరకులు అన్నీ దాని మీదనే. ఇంతవరకు భర్త కొరకో బస్సు కొరకో కనిపెట్టుకొని ఉన్న స్త్రీ తనంతట తాను బయలుదేరగలిగింది. కావున “ఇది మగవారి పాత సైకిలు, ఎవరికి పనికి వస్తుంది” అని ఎవరును అనుకొనవద్దు.

ద్వితీయోపదేశకాండము 24:6 ప్రకారము, అప్పు ఇచ్చినవాడు తిరుగటి రాతిని తాకట్టుగా పట్టుకొనకూడదు. ఎందుకనగా అది పేదవాని ప్రాణమును పట్టుకొనుటతో సమానము. పేదవాని బ్రతుకు తిరిగే రాయి అది. మన కాలములో అనేకులకు తిరుగలి రాయి సైకిలు చక్రమే. దానిని మనము తాకట్టు పట్టలేదు, నిజమే. ఊరక మూల పెట్టి ఉంచాము.

2. కుంటిదానిని అర్పించకుందము

ఇప్పుడు మా తప్పిదము ఒకటి ఒప్పుకోవలసి ఉన్నది.

కొన్ని సంవత్సరముల క్రిందట మా సంఘ యౌవనస్థులు క్రిస్మసుకు ముందు పాత సైకిళ్ళు ప్రోగుచేశారు. పదునాలుగు వచ్చాయి. పట్టణము అవతల పేద పిల్లల వసతి గృహము ఒకటి ఉన్నది. అది మన సంఘములది కాదు. స్థానికులైన కొందరు మంచివారు నడుపుచున్నారు. ఈ సైకిళ్ళను వారికి ఇవ్వాలని పెద్దలము నిశ్చయించాము. తడిబట్టతో తుడిపించి, హ్యాండిళ్ళకు రంగు కాగితములు చుట్టి, బ్యానరు కట్టి, ఫోటోలు తీయించుకొని ఇచ్చాము. వందన సమర్పణ జరిగింది. మేము ప్రార్థన చేశాము. టీ త్రాగి ఇంటికి వచ్చాము.

మూడు నెలల తరువాత వేరే పని మీద ఆ త్రోవన వెళ్ళి, పిల్లలు ఎట్లున్నారని లోపలికి వెళ్ళాము. వార్డెనమ్మగారు కన్నడ ఆవిడ, పెద్ద వయస్సు. ఆవిడ మమ్మును కూర్చోబెట్టి మంచినీళ్ళు ఇచ్చి, కొంత సంకోచించి, “ఒకసారి వెనుకకు రండి సార్” అన్నారు. వంటగది వెనుక రేకుల క్రింద మన సైకిళ్ళు తొమ్మిది ఒకదాని మీద ఒకటి పడియున్నవి. కొన్నింటికి ట్యూబులు లేవు. రిమ్ములు వంకర. గొలుసులు తుప్పు పట్టి బిగిసిపోయాయి. మిగిలిన అయిదింటికి ట్యూబులు వేయించడానికి ఆవిడ కూరగాయల డబ్బు వాడుకొన్నారు.

అంతటితో అయిపోలేదు. ఆ అయిదింటిలో ఒకదానిని తొక్కుకొని ఒక పిల్లవాడు మెరకనుండి దిగుచుండగా బ్రేకు పట్టలేదు. బ్రేకు రబ్బర్లు ఎప్పుడో అరిగిపోయి ఇనుము తేలియున్నది. పిల్లవాడు కాలువలో పడి మోచేయి విరుగగొట్టుకొన్నాడు. అతని తల్లి తెల్లవారుజామున మారికుప్పములో రైలు ఎక్కి బెంగళూరులో బట్టల ఫ్యాక్టరీకి వెళ్ళివచ్చే కార్మికురాలు. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడిన తరువాత మా ఊరి బ్రతుకు ఆ రైళ్ళ మీదనే నడుస్తున్నది. ఆ తల్లి పదునైదు దినములు పనికి వెళ్ళలేకపోయింది. ఆ జీతము పోయింది.

మేము ఆ తల్లిని చూడడానికి వెళ్ళాము. ఆవిడ మమ్మును ఒక్క మాట అనలేదు. “మంచికే ఇచ్చారు, సార్” అన్నది. ఆ మాట మమ్మును గ్రుచ్చినంతగా ఏ నిందయు గ్రుచ్చియుండదు. వైద్యపు ఖర్చును, పోయిన జీతమును సంఘము చెల్లించింది. అయితే పిల్లవాని నొప్పిని మేము చెల్లించలేము గదా.

ఆ రాత్రి మలాకీ మొదటి అధ్యాయము చదివాము. ఇశ్రాయేలీయులు గ్రుడ్డిదానిని, కుంటిదానిని, రోగము గలదానిని బలిపీఠము మీదికి తెచ్చుచుండగా దేవుడు వారిని ఒక ప్రశ్న అడిగెను. అటువంటిదానిని మీ అధికారికి ఇచ్చి చూడుడి, అతడు సంతోషించునా? మేము ఇచ్చిన పదునాలుగు సైకిళ్ళలో తొమ్మిది కుంటివి. ఒకటి అంతకంటె అపాయకరమైనది. ఏలయనగా కుంటిదని తెలియకుండ నడిచినది. మా ఇల్లు ఖాళీ చేసికొనుటను మేము దానమని పిలిచాము. పాత సామాను కొనేవానికి తూకానికి వేయవలసినదానిని పిల్లల నెత్తిన పెట్టి, పైగా వారిచేత వందనములు చెప్పించుకొన్నాము.

మరుసటి వారము మా వీధి చివర సైకిలు షాపు నడిపే పెద్దాయనను పిలిచాము. ఆయన ముసల్మాను సహోదరుడు, మన ఆరాధనకు వచ్చేవాడు కాదు. ఆయన ఆ తొమ్మిదింటిని త్రిప్పి చూచి, చేతులు తుడుచుకొని, “పాత సైకిలు ఇవ్వడము తప్పు కాదు సార్. బ్రేకు పట్టని సైకిలును మీ మనవడికి ఇస్తారా?” అని అడిగాడు.

మలాకీ ప్రవక్త అధికారి పేరు చెప్పి అడిగిన ప్రశ్ననే ఆయన మనవడి పేరు చెప్పి అడిగాడు.

నాలుగు శనివారములు ఆయన మా యౌవనస్థులను కూర్చోబెట్టుకొని పని నేర్పాడు. మూడు సైకిళ్ళను విప్పి, వాటి భాగములతో ఆరింటిని బాగుచేశారు. మిగిలిన ఇనుమును అమ్మి, ఆ డబ్బును వసతి గృహపు కూరగాయల ఖాతాకు తిరిగి కట్టాము. ఆయన నేర్పినదానిని మీ ఉపయోగము కొరకు ఇక్కడ వ్రాస్తున్నాము.

మొదట బ్రేకులు చూడవలెను. రబ్బర్లు అరిగియుంటే నాలుగును మార్చవలెను. బ్రేకు నొక్కి సైకిలును ముందుకు త్రోస్తే చక్రము కదలకూడదు. తరువాత టైర్లు. ప్రక్కల పగుళ్ళు పడి లోపలి దారములు కనబడే టైరుకు ఎంత క్రొత్త ట్యూబు వేసినా ప్రయోజనము లేదు. సైకిలును తలక్రిందులుగా నిలబెట్టి చక్రము త్రిప్పినప్పుడు రిమ్ము ఇటు అటు ఊగితే పుల్లలు బిగించి బెండు తీయించవలెను. హ్యాండిలును, పెడలు కడ్డీని పట్టుకొని కదిపితే లూజు ఉండకూడదు. గొలుసును కిరసనాయిలుతో కడిగి నూనె వేయవలెను. గంట మ్రోగవలెను. వెనుక ఎర్రని అద్దము ఉండవలెను. తాళమునకు చెవి ఉండవలెను. సీటు ఎత్తు తొక్కేవారికి సరిపోవలెను. ఫ్రేము విరిగి వెల్డింగు చేసియున్నదానిని ఎవరికి ఇవ్వవద్దు. చివరిగా, ఇవ్వక ముందు ఇచ్చేవారు స్వయముగా ఒక మైలు తొక్కి చూడవలెను.

ఇంకొక సంగతి. ఫ్రేము మీద చెక్కియున్న నంబరును ఒక కాగితము మీద వ్రాసి, ఈ సైకిలును ఫలాని ఇంటివారు ఫలాని సంస్థకు ఇచ్చారని సంతకము చేసి ఇవ్వండి. పేద పిల్లవాడు మంచి సైకిలు తొక్కితే ‘ఎక్కడిది?’ అని అడిగే లోకము మనది. ఆ చీటీ వానికి అవమానము లేకుండ కాపాడుతుంది.

వీటన్నింటికి కొంత ఖర్చు అవుతుంది. అవునుగాక. అరౌనా అనే యెబూసీయుడు కళ్ళమును, ఎడ్లను ఉచితముగా ఇచ్చెదనని చెప్పినను దావీదు ఒప్పుకొనలేదు. తనకు ఖర్చు లేని బలిని దేవునికి అర్పించనని చెప్పి ఏబది తులముల వెండి తూచి ఇచ్చెను (2 సమూయేలు 24:24). పాత సైకిలు మనకు ఖర్చు లేనిది. దానికి వేసే నాలుగు బ్రేకు రబ్బర్లు, రెండు ట్యూబులు, ఒక శనివారము – అవే మన కానుక.

వరల్డ్ బైసికిల్ రిలీఫ్ అనే సంస్థ 2004 డిసెంబరు సునామీ తరువాత శ్రీలంకలో బాధితులకు సైకిళ్ళు ఇచ్చుటతో ఆరంభమైంది. తరువాత జాంబియా మొదలగు ఆఫ్రికా దేశములలో వారు సైకిళ్ళతో పాటు స్థానికులకు మెకానిక్కు పని నేర్పి పనిముట్లు కూడ ఇచ్చారు. బాగుచేసే చేయి దగ్గర లేనప్పుడు ఇచ్చిన సైకిలు మొదటి పంక్చరు వరకే నడుస్తుందని వారు గ్రహించారు. మేము కాలువలో పడిన పిల్లవాని వలన గ్రహించాము.

3. ఉన్న ఊరి మేలు కోరుదము

మూడవ సంగతి మనవంటి వలసవచ్చిన సంఘములకు మరి ముఖ్యమైనది. యిర్మీయా 29వ అధ్యాయములో, చెరపట్టబడి బబులోనులో ఉన్నవారికి ప్రవక్త ఉత్తరము వ్రాసెను. ఇండ్లు కట్టుకొనుడి, తోటలు నాటుకొనుడి, మీరున్న పట్టణము క్షేమము కొరకు ప్రార్థించుడి, దాని క్షేమములో మీ క్షేమమున్నది అనునది దాని సారాంశము. మనలను ఎవరును చెరపట్టి తీసికొనిరాలేదు, కూలి కొరకు వచ్చాము. అయినను ఆ ఉత్తరము మనకు కూడ చెందినదే. మన భాష, మన పాటలు, మన కూడికలు కాపాడుకొనుట మంచిది. అయితే మన దానములు కూడ మన గోడల లోపలనే తిరుగుచుండిన యెడల ఈ ఊరు మనలను ఏ విధముగా ఎరుగును?

సైకిళ్ళు ప్రోగుచేసినప్పుడు మా సంఘములో కూడ కొందరు, “మన తెలుగువారిలో బీదలు లేరా? వారికెందుకు?” అని అడిగారు. ఉన్నారు, వారికి ఇవ్వడము మానవద్దు. అయితే గాయపడినవానిని తన వాహనము మీద ఎక్కించుకొన్న సమరయుడు అతని ఊరు, భాష అడుగలేదు. తన వాహనము ఇచ్చి తాను నడిచెను. లూకా 10:34లో మనము అంతగా గమనించని సంగతి అది.

మన బాప్తిస్టు పెద్దల చరిత్రలోనే ఇందుకు సాక్ష్యమున్నది. 1876–78 మహా క్షామములో ఒంగోలు మిషనెరీ జాన్ క్లౌ దొరగారు బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ళ త్రవ్వకము కాంట్రాక్టుగా తీసికొని వేలాది ఆకలిగొన్నవారికి పని కల్పించారు. కూలికి వచ్చినవారు ఏ మతస్థులని చూడలేదు. అంతకంటె గొప్ప సంగతి, క్షామ సహాయము జరుగుచున్నంత కాలము ఆయన బాప్తిస్మములు ఇవ్వలేదు. అన్నము కొరకు ఎవరును ప్రభువు పేరు చెప్పకూడదని ఆయన కోరిక. సహాయము ముగిసిన తరువాతనే, 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందారు. మనము ఆ సంఖ్యను ప్రతి జూబిలీలో చెప్పుకొంటాము. దానికి ముందున్న ఆ నిగ్రహమును అంతగా చెప్పుకొనము.

కావున మనము ఇచ్చే సైకిలుకు త్రాడు కట్టియుండకూడదు. మడ్‌గార్డు మీద సంఘము పేరు వ్రాయించవద్దు. పిల్లలను వరుసగా నిలబెట్టి ఫోటో తీయవద్దు. మన ఆరాధనకు వచ్చినవారికే అని నియమము పెట్టవద్దు. మొదట వెళ్ళి, ఏమి కావలెనని ఆ సంస్థవారిని అడుగుడి. పెద్ద పిల్లలున్న చోట చిన్న సైకిళ్ళు ఇస్తే అవి మరల మెట్ల క్రిందికే చేరుతాయి. అనాథ శరణాలయము, వృద్ధాశ్రమము, రాత్రి బడి, కుష్ఠురోగుల సేవా కేంద్రము, ఎవరిని అడిగినా వారికి ఏది కావలెనో వారే చెప్పుతారు. ఇచ్చిన తరువాత అది వారిది. రంగు మార్చినా, వేరొకరికి ఇచ్చినా, కష్టకాలమున అమ్ముకొన్నా, అడుగుటకు మనము ఎవరము?

ఇప్పుడు మా ఇంటి మెట్ల సంగతి చెప్పి ముగిస్తాము.

మా తండ్రిగారు 1989లో ప్రభువు పిలుపు అందుకొన్నారు. ఆ హెర్క్యులిస్ సైకిలు అప్పటినుండి మా మెట్ల క్రింద ఉన్నది. పదునాలుగు సైకిళ్ళు ప్రోగుచేసిన సంవత్సరమున మేము పెద్దలమై ఉండి ఇంటింటికి తిరిగి అందరిని అడిగాము. మాది మాత్రము ఇవ్వలేదు. ఎవరును మమ్మును అడుగలేదు. పిల్లవాని చేయి విరిగిన తరువాత కూడ కొంత కాలము ఇవ్వలేకపోయాము. అది ఇనుము అని మాకు తెలుసు. అయినను ఆ బారు మీద చేయి వేస్తే, తువ్వాలు చుట్టిన ఆదివారము ఉదయము మాకు జ్ఞాపకము వచ్చేది.

మూడు సంవత్సరముల క్రిందట, ఆ పెద్దాయన షాపులోనే దానిని పూర్తిగా ఓవరాయిలింగు చేయించాము. క్రొత్త టైర్లు, క్రొత్త గొలుసు, క్రొత్త రబ్బర్లు వేయించాము. ఒక మైలు తొక్కి చూచాము. ఈ వయస్సులో ఆయాసము వచ్చింది, అయితే బ్రేకు పట్టింది. వసతి గృహమునకు తీసికొని వెళ్ళి, ఫోటో లేకుండ, చీటీ వ్రాసి వార్డెనమ్మగారి చేతికి తాళము చెవి ఇచ్చాము. తిరిగి బస్సులో ఇంటికి వచ్చాము. ఆ రాత్రి మెట్ల క్రింద ఖాళీ చూచి మా మనసు కలతపడిందని దాచక చెప్పుచున్నాము.

కొన్ని నెలల తరువాత ఆండర్సన్‌పేట రోడ్డు మీద ఒక పిల్లవాడు మమ్మును దాటి వెళ్ళాడు. ముందు బారు మీద చెల్లెలు కూర్చుని ఉన్నది. సైకిలుకు నీలము రంగు వేసియున్నది, హ్యాండిలు వేరు. అది మా తండ్రిగారిదో, మరి ఏదో, మేము గుర్తుపట్టలేకపోయాము. అయితే బారు మీద ఒక తువ్వాలు చుట్టియున్నది. అది చూచి మేము అక్కడనే నిలిచి దేవుని స్తుతించాము.

ప్రియులారా, కోతపండుగ దగ్గరకు వస్తున్నది. పట్టణములలో ఉన్న మనకు పొలములు లేవు. గుమ్మడికాయలు, కొబ్బరికాయలు మార్కెట్టులో కొని తెచ్చి బల్ల మీద పెడుతున్నాము. ఈసారి మెట్ల క్రిందికి ఒకసారి వంగి చూడండి. ఉన్నదానిని బయటకు తీయండి. మీ వీధి సైకిలు షాపునకు తీసికొని వెళ్ళండి. స్త్రీల సమాజమువారు పిడికెడు బియ్యము తీసినట్లే, ప్రతి సంఘము ట్యూబులకు, రబ్బర్లకు కొంత తీసి ఉంచండి. యౌవనస్థులు పని నేర్చుకొనండి. మంచిదానిని, నడిచేదానిని, మన మనవడికి ఇవ్వగలిగినదానిని మన పొరుగువారికి ఇచ్చుదము.

ప్రార్థించుదము. పరలోకమందున్న మా తండ్రీ, మేము కట్టి ఉంచుకొన్నదానిని విప్పుటకు మాకు మనసు దయచేయుము. కుంటిదానిని ఇచ్చి మంచిదానిని దాచుకొన్న మా తప్పును క్షమించుము. మేమున్న ఈ ఊళ్ళను, వాటి పిల్లలను, వారు వెళ్ళే త్రోవలను కాపాడుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ. ఆమేన్.